అద్దాల పెట్టెలో లెన్స్

సభాధ్యక్షులు, మా స్టూడియో యజమాని, అంతకంటే ముందు మా అక్క మొగుడూ అయిన బావగారికి, ముందు వరుసలో కూర్చుని అప్పుడే నా మీద గుడ్లురుముతున్న మా అక్కకి, తోటి ఫొటోగ్రాఫర్లకి, పెద్దలకి, స్నేహితులకి నమస్కారం.

ఇంతకాలం ఇలాంటి సభల్లో వేదిక కింద మోకాళ్ల మీద కూర్చున్నవాణ్ణి, పైకెక్కి నిలబడితే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. (నవ్వులు) అదిగో, కింద నా బదులు మా మేనకోడలు కూర్చుంది. ఇవాళ్టితో నేను రిటైరవుతున్నాను కదా, రేపటి నుంచి స్టూడియో కెమెరా తనదే. ఏమ్మా, దొరికానా? లేదూ? ఆ గిర్రుగిర్రుమనే చప్పుడు వింటున్నారా అండీ? లెన్స్ నా మొహం కోసం వెతుక్కుంటోంది. ముందుకెళ్తుంది, వెనక్కొస్తుంది, చివరికి విసుగొచ్చి నా వెనకున్న ఎగ్జిట్ బోర్డు మీద ఆగుతుంది. మా ఆల్బమ్‌లలో పెళ్లికొడుకు ఎవరో తెలియకపోవచ్చు గానీ, ఎటు బయటికి పోవాలో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. (నవ్వులు)

తప్పు పిల్లది కాదు. ఆ లెన్స్ అపర్చర్ చిన్నది, అంటే వెలుతురు దూరే కన్నం చిన్నది. ఫోకస్ పట్టేటప్పుడు కెమెరా ఆ కన్నాన్ని పూర్తిగా తెరుచుకునే చూస్తుంది. అయినా లోపలికొచ్చేది ఆ కాస్త వెలుతురే అయితే, ఇలాంటి మసక హాల్లో పాపం దానికి ముక్కేదో చెవేదో ఎలా తెలుస్తుంది? పెద్ద అపర్చర్ లెన్స్ కూడా మాకుంది. సభకి శోభగా ఉంటుందని ఇవాళ బల్ల మీద పెట్టించారే, ఆ అద్దాల పెట్టెలో ఉన్నది అదే. "దాన్ని చూసే పార్టీలు లోపలికొస్తారు, వాడితే గీతలు పడతాయి" అని బావగారు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని తిరుగుతారు. రోజూ పొద్దున్నే దాన్ని తుడుస్తారు. అక్క వైపు అంత ప్రేమగా చూడగా నేనైతే ఎప్పుడూ చూడలేదు. (నవ్వులు) నన్నెందుకే చూస్తావు, ఆయన్ని చూడు!

ఇక ఇంట్లో పిలిచినట్టే పిలుస్తాను. బావా, వచ్చే ఆదివారం ఇదే హాల్లో నీ కూతురు ఒంటరిగా ఫొటోలు తీసే మొదటి ప్రోగ్రాం. "ఫొటోలు మసగ్గా వస్తే కెమెరా పక్కన పెట్టి కౌంటర్లో కూర్చో" అన్నావట. నా దగ్గరకొచ్చి ఏడ్చింది. పిల్ల చేతిలో పనితనం ఉంది. వీడ్కోలు కానుకగా నువ్వు ఇవ్వబోతున్న ఆ వాచీ నాకు వద్దు. పిల్లకి ఆ తాళంచెవి ఇవ్వు.

(యజమాని లేచి, జేబులు వెతుక్కుని, పెట్టె తెరిచారు. చప్పట్లు.)

తగిలించమ్మా. విన్నారా? ఒక్కసారి టక్‌మంది, పట్టేసింది! రా బావా, ఇలా పక్కకి రా. ఎప్పుడు ఫొటో దిగినా నేను నీ వెనకే నిలబడ్డాను. పెద్ద అపర్చర్‌తో ఆ పప్పులుడకవు. ఒక అడుగు ముందూ వెనకా అయినా ఇద్దరిలో ఒకడు మసకైపోతాడు. అందుకని ఇవాళ నీ భుజానికి భుజం ఆనించి నిలబడతాను. ఏంటది, కళ్లలో నీళ్లా? తుడుచుకో, ఈ లెన్స్ ఏదీ దాచదు.

ఓపిగ్గా విన్న మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. కదలకు బావా, పిల్ల తీస్తోంది. సెలవు.