మంటలేని సూది: డాక్టరు బందెల ఏసేపు గారి పదవీ విరమణ శుభవేళ

క్రీస్తుశకం 1912వ సంవత్సరం జూలై ఎనిమిదవ తేదీన, మద్రాసులో ఎల్.ఎం.పి. పట్టా పుచ్చుకొని వచ్చిన డాక్టరు బందెల ఏసేపు గారు కర్నూలులోని మన కరుణాలయం ఆసుపత్రిలో ఉపవైద్యాధికారిగా బాధ్యతలు స్వీకరించారు. కోసిగి ప్రాంతపు కూలి కుటుంబంలో జన్మించి, కరువు తరిమిన ప్రతి ఏడూ తల్లిదండ్రులు పొరుగుసీమలకు పనికి పోతుంటే మిషన్ బడిలో ఒంటరిగా పెరిగిన వారికి, అయినవారి కోసం ఎదురుచూడడం అప్పటికే అలవాటైన విద్య. ఆ విద్య తమకు జీవితాంతం అక్కరకు వస్తుందని మాత్రం వారు ఊహించి ఉండరు.

తొలి సంవత్సరాలలో వారు చేయని పని లేదు. శివరాత్రి రోజుల్లో శ్రీశైలం యాత్రికులలో కలరా గత్తర పుడితే నల్లమల దారిన మందులపెట్టె మోయించుకొని నడిచారు. ఊళ్లలో ప్లేగు వ్యాపించినప్పుడు గుడారాలలోనే కాపురముండి రోగులను కాపాడారు. 1915లో మన ఆసుపత్రిలోనే శిక్షణ పొందిన మంత్రసాని నర్సు విశ్వాసమ్మ గారిని పరిణయమాడారు. పెండ్లి పందిరి తీసిన కొద్ది వారాలకే విశ్వాసమ్మ గారిని కడప జిల్లా వేంపల్లెలోని మన మిషన్ స్త్రీల వైద్యశాలకు పంపారు. ఆ చుట్టుపక్కల కాన్పులు తెలిసిన నర్సు మరొకరు లేరు. వచ్చే ఏడు ఇద్దరినీ ఒకచోట వేస్తామని యాజమాన్యం మాట ఇచ్చింది. ఆ వచ్చే ఏడు ఎన్నిసార్లు వచ్చి పోయినా, ఆ మాట నెరవేరలేదు.

ద్రోణాచలం, గుత్తి దగ్గర రైళ్లు మారి, ఎర్రగుంట్లలో దిగి, అక్కడినుంచి జట్కాబండిలోనో, తర్వాతి కాలంలో బస్సులోనో వేంపల్లె చేరడానికి సెలవులో సగభాగం దారిలోనే కరిగిపోయేది. వారి ఏకైక కుమార్తె చిరంజీవి ఏసుమణి తల్లి దగ్గరే పెరిగింది. పసితనంలో తండ్రిని ‘రైలు నాయన’ అని పిలిచేది. ఆ పిలుపు తలచుకొని ఏసేపు గారు నవ్వేవారు. నవ్వుతూనే తరువాతి సెలవుకు రోజులు లెక్కపెట్టుకొనేవారు.

1921లో వారిని దంతవైద్యంలో తర్ఫీదు నిమిత్తం మద్రాసుకు పంపడం, మరుసటి ఏడు మన ఆసుపత్రిలో దంతవైద్యపు గది వెలయడం జరిగాయి. అంతకుముందు పన్ను పీకాలంటే ఇద్దరు మనుషులు రోగిని అదిమి పట్టుకోవలసిందే. నోవొకెయిన్ అనే తిమ్మిరిమందు వచ్చాక ఆ అవస్థ తప్పింది. అయితే ఆ మందు చిగుట్లోకి దిగేటప్పుడు పుట్టే మంటకు భయపడి, కుర్చీలోంచి లేచిపోయినవారు అనేకులు. కోసిగి కూలీ ఈరన్న అలా లేచిపోయినవారిలో ఒకడు.

1927 క్రిస్మస్ సెలవుల్లో, దవడపన్ను నొప్పితో బాధపడుతున్న విశ్వాసమ్మ గారు స్వయంగా ఆ కుర్చీలో కూర్చున్నారు. సూది దిగగానే వారి కళ్లలో నీళ్లు నిలిచాయి.

“శానా మండుతాందా?” అని అడిగారు ఏసేపు గారు.

“నిప్పు పెట్టినట్లుండాది. నొప్పి పోయేదానికని ఇచ్చే మందే ఇంత నొప్పి పెడితే, పాపం జనాలు యాడికి పోవల్ల?”

“ఏం చేయల్ల? మందు గుణమే అంత.”

“మీరొక తూరి పొడిపించుకోని చూడండి. అప్పుడు చెప్పండి మందు గుణం.”

సెలవు తీరి ఆమె రైలెక్కారు. ఆ మాట మాత్రం ఏసేపు గారి దగ్గరే ఉండిపోయింది. దూరాన ఉన్న భార్యకు తాను చేయగలిగిన సేవ ఇదొక్కటే అనిపించిందేమో, వారు ఆ మంట వెంట పడ్డారు. తమ చిగుట్లోకే మందు ఎక్కించుకొని చూశారు. చెడిపోకుండా నిలవ ఉండడానికి ఆ మందును పులుపు గుణంతో ఉంచుతారనీ, ఆ పులుపే మంటకు మూలమనీ గ్రహించారు. పులుపును విరిచే బైకార్బనేట్ సోడా ద్రవాన్ని కొద్దిగా కలిపితే తిమ్మిరి త్వరగా పడుతుందని ఒక వైద్యపత్రికలో చదివి, ప్రధాన వైద్యాధికారి అనుమతితో ప్రయోగానికి పూనుకొన్నారు. సోడా కలిపి కాచిన మొదటి మందు పాలలా తెల్లబడింది, పారబోశారు. సోడా ఎక్కువైతే మందు విరిగిపోతుందనీ, కలిపి ఉంచితే నిలవదనీ తెలుసుకొన్నారు. చివరకు, సూక్ష్మజీవులు చేరకుండా గాజుబుడ్లలో మూసి వచ్చే సోడా ద్రవాన్ని, సూది పొడవడానికి సరిగా ముందు, కొలతగా కలిపే పద్ధతి కుదిరింది. ఒక పక్క చిగుట్లో ఉత్త మందు, మరొక పక్క కలిపిన మందు తామే వేయించుకొని తేడా గమనించిన తరువాతనే ఇతరులకు వాడారు.

సరిగా ఆ రోజుల్లోనే ఈరన్న మళ్లీ వచ్చాడు. దవడ వాచి, కన్ను మూసుకుపోయి ఉంది. భార్య మద్దమ్మ పట్టుకొని నడిపించింది.

“సూది మాత్రం వొద్దు సామీ. పోయిన తూరి కండ్లలో నిప్పులు రాలినాయి,” అన్నాడతను.

“పనికి పోయే గుంపు ముందే పాయె సామీ. ఈయప్ప గంజి గూడా మింగలేక పడుండాడు. ఎట్లన్నా చేసి బతికియ్యి,” అని మద్దమ్మ వేడుకుంది.

“మండితే చెయ్యెత్తప్పా ఈరన్నా, ఆ క్షణమే సూది తీసేస్తా,” అని ఏసేపు గారు మాట ఇచ్చారు.

ఈరన్న కళ్లు గట్టిగా మూసుకొని, చెయ్యి సగం ఎత్తి పెట్టుకొని కూర్చున్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచి, “ఎప్పుడు పొడుస్తావు సామీ? ఊరికే బెదురుతాండా,” అన్నాడు.

“పొడిచేది అయిపాయె గదప్పా!”

గదిలో ఉన్నవారంతా గొల్లుమని నవ్వారు. మద్దమ్మ ఒక్కతే ఏడ్చింది. పన్ను తీశాక చీము వెడలి ఈరన్న కోలుకొన్నాడు. ఏసేపు గారు చేతులు కడుక్కొని వరండాలోకి వెళ్లి నిలుచున్నారు. ఆ సంగతి అందరికంటె ముందు వినవలసిన మనిషి అక్కడ లేరు.

ఆ వారాంతమే వారు వేంపల్లెకు బయలుదేరారు. తీరా చేరేసరికి విశ్వాసమ్మ గారు ఒక కష్టమైన కాన్పు నిమిత్తం దూరపు పల్లెకు వెళ్లి ఉన్నారు. ఏసేపు గారు వైద్యశాల వరండాలో పొద్దంతా ఎదురుచూశారు. తిరుగు బస్సు వచ్చి నిలిచింది. “మంట పోయిందని అమ్మకు చెప్పు,” అని ఆయాకు అప్పగించి ఎక్కారు. విశ్వాసమ్మ గారు వచ్చి ఆ కబురు విని, బస్సు పోయిన దారిలో ఊరి చివర దాకా నడిచి వెళ్లారట. ఈ ముచ్చట పెద్దయ్యాక ఏసుమణి చెప్పగా మనకు తెలిసింది. ఇద్దరిలో ఎవరూ ఏనాడూ చెప్పుకోలేదు.

1936లో, ఎన్నో విన్నపాల తరువాత, ఏసేపు గారికి వేంపల్లె బదిలీ ఉత్తరువు వచ్చింది. అప్పటికి ఆదోని, కోసిగి, ఆలూరు ప్రాంతాల ప్రజలు మంటలేని సూది డాక్టరు కోసం మన గడప తొక్కుతున్నారు. ఆ పద్ధతి చేతబట్టినవారు మరొకరు లేరు. పెట్టె సర్దుకొన్నాక కూడా వారి మనసు ఊగిసలాడింది. సలహా కోసం వేంపల్లె వెళ్తే విశ్వాసమ్మ గారు, “కాన్పులు ఇడిసిపెట్టి నేను రాలేకపోతి. వాళ్లను ఇడిసిపెట్టి మీరెట్ల వస్తారు? వచ్చినా ఈడ మీకు అన్నం సయిస్తుందా?” అన్నారు. అలా అంటూనే కొంగుతో ముఖం కప్పుకొన్నారు. ఏసేపు గారు తిరిగివచ్చి బదిలీ రద్దు చేయించుకొన్నారు.

యుద్ధకాలంలో మందు దొరకక దంతవైద్యపు గది తరచు మూతపడింది. ఆ విరామంలో వారు మన ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరు ప్రేమయ్య గారికి తమ విద్యనంతా ఓర్పుతో నేర్పారు. మందు మళ్లీ వచ్చిననాడు మొదటి సూది ప్రేమయ్య గారి చేతనే తమ చిగుట్లో వేయించుకొని, “ఇంగ నేను పోవచ్చు,” అన్నారు. ఈ 1946 మార్చి మాసాంతంతో వారు పదవీ విరమణ చేస్తున్నారు.

విశ్వాసమ్మ గారు నిరుడే ఉద్యోగ విరమణ చేసి, వేంపల్లెలోనే చిన్న ఇంట్లో ఉంటున్నారు. పోయిన నెల ప్రేమయ్య గారు వెళ్లి, ఈ సన్మాన సభకు విచ్చేసి భర్త ప్రక్కన ఆసీనులు కావలసిందని వారిని సవినయంగా ఆహ్వానించారు. ఆమె నవ్వి ఇలా అన్నారు:

“నేనెందుకప్పా సభలోకి? దండలూ శాలువలూ ఏముండాయో అన్నీ మీరే ఏయండి. ఇన్నేండ్లు ఆయప్పను మీకే ఇడిసిపెట్టినా. ఇంగ నా మనిషిని నాకు పంపీయండి. ఆ దినం అన్నం వండుకోని ఈడనే కూసుంటా.”

కావున సభాసదులారా, ప్రసంగాలను క్లుప్తపరచి డాక్టరు గారిని వేళకు రైలెక్కించవలసిందిగా ప్రార్థన. దైవకృపచేత ఆ పుణ్యదంపతులు సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు ఆయుస్సుతో, ఒకే కప్పు కింద సుఖశాంతులతో వర్ధిల్లాలనీ, వేంపల్లెలో వడ్డించిన ఆ అన్నం చల్లారకముందే ఏసేపు గారు విస్తరి ముందు కూర్చోవాలనీ కరుణాలయం యావత్ సిబ్బంది మనసారా కోరుకొంటున్నారు.