వెండెల్ కొనని బీమా

కేకు చెయ్యమంటే చేస్తాను పాస్టరు గారూ. ఒకటి కాదు, నాలుగు చేస్తాను. వేలంలో ఎవరైనా పాడుకోండి. శనివారం ఫైర్‌స్టేషన్ చందాల విందులో మైకు పట్టుకుని మా తమ్ముడి గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పమంటున్నారే, అది మాత్రం నా వల్ల కాదు.

అలా చూడకండి. కాఫీ తాగండి, చల్లారిపోతోంది.

ఈ పోస్టరు ఎవరు రాశారు, మీ ఆవిడా? "నమ్మిన మాట మీద నిలబడ్డ మన వెండెల్ కోసం." నిలబడ్డాడట. పేగులో నిమ్మకాయంత కణితి పెట్టుకుని మరీ నిలబడ్డాడు. 

అందరూ ఆరోగ్య బీమా కొనాలి, లేకపోతే జరిమానా అని చట్టం వచ్చినప్పుడు వాడి గ్యారేజీ ముందు పెట్టిన బోర్డు మీరూ చూశారుగా? "నేనేం కొనాలో నువ్వెవడివి చెప్పడానికి?" వాషింగ్టన్‌కి మళ్ళీ ఎన్నికల్లో పోటీ చేస్తున్న పెద్దమనిషి ఆ బోర్డు పక్కన వీడి భుజం మీద చెయ్యేసి ఫోటో దిగిపోయాడు. ఆ పెద్దమనిషికి పంటి నొప్పి వచ్చినా ప్రభుత్వం బీమాయే కదా దిక్కు. ఆ మాటే అన్నాను. "అక్కా, నువ్వు లైబ్రరీలో ఫారాలు నింపుకో. నేను జరిమానా కడతాను గానీ బీమా కొనను" అన్నాడు.

అవును, పోయిన చలికాలమంతా నా పని అదే. లైబ్రరీ మూల బల్ల దగ్గర కూర్చుని ఊళ్ళోవాళ్ళని బీమాలో చేర్చడం. ఏం మనుషులండీ మనవాళ్ళు. "ఆ ప్రెసిడెంటు గారి దిక్కుమాలిన చట్టం నాకొద్దమ్మా, మన కెంటకీ రాష్ట్రం కార్డు ఉందటగా, అదిప్పించు" అనేవాళ్ళు. రెండూ ఒకటే తాతా అంటే లేచి వెళ్ళిపోతారని, నోరు మూసుకుని ఇప్పించేదాన్ని. వెండెల్‌కి మాత్రం తెలుసు రెండూ ఒకటేనని. వాడికి తెలివి ఎక్కువ, అదే వాడి రోగం.

మా వైపు వాళ్ళేం తక్కువ తిన్నారా? మాకు శిక్షణ ఇవ్వడానికి మన రాష్ట్ర రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. మొండివాళ్ళ దగ్గర టైము పాడుచేసుకోకండి, చేరేవాళ్ళని చేర్చుకుంటూ పోండి అని చెప్పింది. మేం చేర్చేది మనుషులనో, బుట్టలో ఏరుకునే కోడిగుడ్లనో.

ఏమంటారు? పొరుగువాణ్ణి ప్రేమతో ఆదుకోవడం వేరు, చట్టంతో మెడ వంచడం వేరంటారా?

వేరే. కాదనను. బతికున్న పాపానికి ఫలానా కంపెనీ సరుకు కొను అంటే నాకూ మొదట ఒళ్ళు మండింది. కానీ పెట్రోలు బంకులో వెండెల్ ఫోటో అంటించిన చందా సీసా పెట్టారు చూడండి. సిగరెట్లకి వచ్చిన ప్రతివాడూ, బంకు అమ్మాయి గుడ్లురిమి చూస్తుందని చిల్లర వేస్తున్నాడు. అది బలవంతం కాదూ? బలవంతాన బీమా కొనిపిస్తే దౌర్జన్యం, బలవంతాన కేకు కొనిపిస్తే ప్రేమా?

పైగా ఎన్ని కేకులు అమ్మితే ఒక ఆపరేషన్ అవుతుంది? ఆస్పత్రి వాళ్ళు సగమైనా ముందు కట్టమంటున్నారు. పేదవాళ్ళకిచ్చే ఉచిత కార్డుకేమో వాడి సంపాదన కాస్త ఎక్కువట. కొత్తగా చేరడానికి నవంబరు దాకా ఆగాలి, చేరినా బీమా పని చేసేది జనవరిలో. డాక్టరు ఈ నెలలోనే కొయ్యాలంటున్నాడు. కణితికి కేలండరు తెలీదుగా.

లేదండీ, వాడి మీద కోపంతో కాదు మాట్లాడననేది. కోపమైతే మైకులో ఇంకా బాగా మాట్లాడుదును.

తలుపు కాస్త దగ్గరగా వెయ్యండి.

మార్చి ముప్పై ఒకటి. సోమవారం. చేరడానికి ఆఖరి రోజు. నా బల్ల ముందు పదకొండు మంది వరసలో ఉన్నారు. సాయంత్రం నాలుగు దాటాక పక్క తలుపులోంచి వెండెల్ వచ్చాడు. టోపీ కళ్ళ మీదకి లాక్కుని వరస చివర నిలబడ్డాడు.

వచ్చాడు పాస్టరు గారూ. వాడంతట వాడే వచ్చాడు.

నేనేం చెయ్యాలి? చూడనట్టు ఊరుకోవాలి, వాడి వంతు వచ్చినప్పుడు ఫారం తియ్యాలి. అంతేగా? నాలుగు నెలలుగా వాడి వెటకారం మింగుతున్నానేమో, నోరు ఆగలేదు. "ఏరా వెండెల్, బోర్డు పీకేసి వచ్చావా, చంకలో పెట్టుకుని వచ్చావా?" అన్నాను. పదకొండు మందీ నవ్వారు. గట్టిగా నవ్వారు.

వాడి మెడ ఎర్రబడింది. "ట్రీనా పుస్తకం తిరిగిచ్చేద్దామని వచ్చాను" అని పెళ్ళాం పేరు చెప్పాడు. వాడి చేతిలో పుస్తకం లేదు. వెళ్ళిపోయాడు.

కిటికీలోంచి వాడి ట్రక్కు కనబడుతూనే ఉంది. ఇంజను ఆన్‌లోనే ఉంది, కదల్లేదు. చాలాసేపు. లేచి వెళ్ళి ట్రక్కు అద్దం మీద తడితే సరిపోయేది. వాడే రావాలి, వాడే అడగాలి అనుకుని తరవాతి మనిషిని పిలిచాను. ఆరింటికి తలెత్తి చూస్తే ట్రక్కు లేదు.

అప్పటికే వాడికి మలంలో రక్తం పడుతోందట. మొన్న డాక్టరు అడిగితే ఫిబ్రవరి నుంచీ అని చెప్పాడు. అంటే అందుకే వచ్చాడు. ఎందుకొచ్చావురా అని నేను అడగలేదు.

ఆ రోజు లైబ్రరీకి వచ్చిన సంగతి ఎవరికీ చెప్పలేదండీ వాడు. పెళ్ళానికి కూడా.

నిన్న సూపు పట్టుకుని వెళ్ళాను. ట్రీనా నా చెయ్యి పట్టుకుని, "నువ్వైనా ఒక్కసారి మంచిగా కూర్చోబెట్టి చెప్పి చూడాల్సింది వదినా" అని ఏడ్చింది. నేనేమన్నానో తెలుసా? "చెప్పానమ్మా, ఎన్నోసార్లు చెప్పాను" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో.

వెండెల్ సోఫాలో పడుకుని అంతా వింటున్నాడు. నా మొహం కేసి చూశాడు కాసేపు. తరవాత పెళ్ళాం వైపు తిరిగి, "అవునే, అక్క చెప్పింది. నేనే వినలేదు" అన్నాడు.