సంతకం దాకా వెళ్ళిన లిఫ్టు

లిఫ్టాయనలో ఒక గొప్ప గుణం ఉంది. తన కష్టం ఎవరికీ చెప్పుకోడు. చెబితే వినేవాళ్ళ మనసు పాడవుతుందని ఆయన దిగులు. అందుకని గొప్పలు మాత్రమే చెబుతాడు. పక్కవాళ్ళ మనశ్శాంతి కోసం ఇంతగా తాపత్రయపడే మనిషి ఇంకొకడు ఉండడని ఆయన నమ్మకం. ఆ నమ్మకం కూడా దాచుకోడు, కనిపించిన వాళ్ళకల్లా చెబుతాడు.

పదకొండేళ్ళుగా పరాయి దేశంలో లిఫ్టులు బాగుచేస్తున్నాడు. ఆగిపోయినవాటిని కదిలించడం, మధ్యలో ఇరుక్కున్నవాళ్ళని దించడం, దిగినవాళ్ళు తిడితే పడటం, అదీ ఉద్యోగం. మనవాళ్ళలో ఆయన అసలు పేరు గుర్తున్నది వాళ్ళావిడకి ఒక్కదానికే. ఆవిడేమో పేరు పెట్టి పిలవదు.

ఆదివారం మధ్యాహ్నం ఆయన దర్బారు జరిగేది వీధి చివర లాండ్రీ షాపులో. నాణెం వేస్తే తిరిగే మిషన్లు గోడ పొడవునా ఎనిమిది. ఎదురుగా ఒక బెంచీ, బట్టలు మడతపెట్టుకునే బల్ల, మూలన కాగితం కప్పులో టీ పోసే ఇంకో మిషను. దాని మీద టీ అని రాసుంటుంది కాబట్టి టీ అనుకునే తాగాలి. ఒక విడత బట్టలు ఉతికి పిండటానికి నలభై నిమిషాలు పడుతుంది. లిఫ్టాయన కథలన్నీ సరిగ్గా నలభై నిమిషాలే ఉంటాయి.

ఆ ఆదివారం బెంచీ మీద ఆయన పక్కన ఇద్దరు. ఒకడు బావమరిది, సిటీ బస్సు డ్రైవరు. రెండోది వాళ్ళ బిల్డింగులోనే కింది అంతస్తులో ఉండే నర్సు. ముసలివాళ్ళ ఆశ్రమంలో పనిచేస్తుంది, ఆయన్ని బాబాయ్ అంటుంది. వాళ్ళావిడ బల్ల దగ్గర నిలబడి తెల్లవి ఒక పక్క, రంగువి ఒక పక్క వేస్తూ, మిషన్లో పడేసే ముందు ప్రతి జేబూ తడిమి చూస్తోంది. ఆయన జేబుల్లో నట్లూ బోల్టులూ ఉండిపోయి ఒకసారి మిషను పళ్ళు కొరికినంత చప్పుడు చేసింది. అప్పట్నించీ ఆవిడకది అలవాటు.

"బాబాయ్, నా వీసా రెండు నెలల్లో అయిపోతోంది," అంది నర్సు. "మా మేనేజరు మేడమ్ దగ్గర కాగితం మీద సంతకం పెట్టించాలి. నీకు మీ ఓనరు పెట్టేశాడటగా. ఎలా పెట్టించావో మొదట్నించీ చెప్పవూ."

లిఫ్టాయన ముందుగా టీ కప్పు అందుకున్నాడు. నిజానికి ఆయన వీసాకి మిగిలింది రెండు నెలలు కాదు, పందొమ్మిది రోజులు. ఈలోగా కంపెనీ ఓనరు 'ఈ మనిషి మాకు కావాలి' అని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి పంపితే కొత్త వర్క్ వీసా. పంపకపోతే ఆయనా, ఆయన వీసా మీదే ఉన్న భార్యా, ఎనిమిదో క్లాసు పరీక్షలకి చదువుతున్న కూతురూ ముగ్గురూ పెట్టెలు సర్దుకోవాలి. సంతకం అయిపోయిందని ఇంట్లో మూడు వారాల కిందటే చెప్పాడు. అప్పుడు మొదలైన కథ వారానికో అంతస్తు చొప్పున పెరుగుతోంది.

"దానికేముందమ్మా, చిన్న విషయం," అన్నాడు కాలు మీద కాలేసుకుని. "ఆ రోజు మా ఆఫీసు లిఫ్టు ఆగింది. నాలుగుకీ ఐదుకీ మధ్య. లోపలెవరు? మా ఓనరు. నేనేదో పెద్ద మొనగాణ్ణని చెప్పుకోను. నా పొట్ట చూస్తున్నావుగా, నేనెక్కడికి దిగినా నాకన్నా ముందు అది దిగుతుంది. అయినా లిఫ్టు మీదికి దిగాను. చేతిలో ఏముంది? ఒక్క స్క్రూడ్రైవరు."

"పోయిన వారం స్పానరన్నావు బావా," అన్నాడు డ్రైవరు.

"స్పానరు జేబులో ఉందిరా. చేతిలోది స్క్రూడ్రైవరు. పొద్దస్తమానం రెండు చేతులూ స్టీరింగు మీదుండేవాడివి, జేబుల సంగతి నీకేం తెలుస్తుంది? సరే, తలుపు రెండు వేళ్ళ సందు తెరిచాను. సందులోంచి ఓనరు ముక్కు కనిపించింది. ముక్కు చివర చెమట బొట్టు. 'నువ్వొచ్చావా! బయటికి తియ్యి, ఏం కావాలంటే అది చేస్తా' అన్నాడు. కాగితం నా దగ్గరే ఉంది. పెన్ను నా చెవి మీదే ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"సంతకం పెట్టాడు," అంది నర్సు ముందుకు వంగి.

"తొందరెందుకు తల్లీ? సంతకం దాకా రావాలంటే ఇంకో అంతస్తు ఎక్కాలి." లిఫ్టాయన టీ ఒక గుక్క తాగాడు. "కాగితం సందులోంచి ఇవ్వబోయాను. ఇవ్వబోతుంటే లిఫ్టు కదిలింది. నేను దాని మీద, ఆయన దాని లోపల. ఐదు దాటింది, ఆరు దాటింది, తొమ్మిది, పది, పన్నెండు..."

"మీ ఆఫీసుకి ఆరంతస్తులేగా!" అంది నర్సు.

"ఆరే. కాదన్నానా? మిగతావి ఆ ఊపులో వెళ్ళాం."

డ్రైవరు టీ పొలమారి దగ్గాడు. వాళ్ళావిడ ఒక జేబులోంచి బస్సు టికెట్టు తీసి బల్ల మీద పెట్టింది. ఇంకో జేబులోంచి చిన్న నట్టు.

"పైనించి చూస్తే ఊరంతా అగ్గిపెట్టెలు," లిఫ్టాయన గొంతు పెంచాడు. "ఎదురుగా వీసా ఆఫీసు, అద్దాల మేడ, నలభై అంతస్తులు. అక్కడేమైంది? అదే గంటలో వాళ్ళ లిఫ్టులూ ఆగిపోయాయి. పద్నాలుగు లిఫ్టులు, పద్నాలుగు మంది ఆఫీసర్లు, అందరూ మధ్యలో. కింద మూడు వేల మంది క్యూ. ఒక్క కాగితం కదలట్లేదు. అద్దంలోంచి నన్ను చూసి 'అదిగో, ఆయనే!' అని కేకలు. నేనెవరో వాళ్ళకెలా తెలుసని అడగవేం?"

"ఎలా తెలుసు?"

"అదే నాకూ అర్థం కాలేదు. సరే, ఓనర్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. కరెంటు లేదు. పద్నాలుగు తాళ్ళూ కలిపి ముడేసి ఎడం చేత్తో లాగాను. కుడి చేతిలో టీ ఉంది, ఒక్క చుక్క ఒలకలేదు. పద్నాలుగు మందీ పళ్ళబుట్టల్లాగా పైకొచ్చారు. ఒక్కొక్కరి చేతిలో ఒక ముద్ర. టకటకా నా కాగితం మీద కొట్టడమే కొట్టడం. ఆ ముద్రల బరువుకి కాగితం మొయ్యడానికి ఇద్దరు మనుషులు కావాల్సొచ్చింది. పెద్దాఫీసరు నా భుజం మీద చెయ్యేసి 'నీకు ఐదేళ్ళేమిటయ్యా, వందేళ్ళు రాస్తాను' అన్నాడు. 'అయ్యా, మా డాక్టరే అన్నేళ్ళు రాయట్లేదు, నాకు ఐదు చాలు' అన్నాను. అత్యాశకి పోను, అది నా స్వభావం."

డ్రైవరు తొడ చరుచుకుని నవ్వాడు. నర్సు నవ్వలేదు. చేతిలో ఖాళీ కప్పుని గుండ్రంగా తిప్పుతోంది.

"అదంతా బాగుంది బాబాయ్. మీ ఓనరుతో ఏమన్నావు? ఆ ఒక్క మాటా చెప్పు."

"అనేదేముందమ్మా? నా చూపు చాలు."

"నాకు చూపులు రావు బాబాయ్. మూడు రోజులు మా మేడమ్ గది దాకా వెళ్ళాను. తలుపు కొట్టాను. 'ఏంటి?' అంది. 'పై గదుల్లోకి దుప్పట్లు కావాలా మేడమ్?' అని అడిగి వచ్చేశాను. మూడు రోజులూ దుప్పట్లే. స్టోరులో దుప్పట్లు అయిపోయాయి గానీ నా కాగితం కాలేదు. రేపెలాగైనా అడగాలి. 'మేడమ్' అన్నాక తర్వాత ఏమనాలి? నువ్వు 'సార్' అన్నాక ఏమన్నావు?"

లిఫ్టాయన నోరు తెరిచాడు. పద్నాలుగు తాళ్ళు లాగిన మనిషికి నాలుక ఒక్కటి లేవలేదు. ఎదురుగా మిషన్లో ఎవరిదో ఎర్ర దుప్పటి గిర్రున తిరుగుతోంది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"సార్ అన్నాక..." అన్నాడు. "అన్నాక, మరి... అనాలంటే చాలా అనొచ్చు."

అప్పుడు వాళ్ళావిడ బల్ల దగ్గర్నించి వచ్చింది. చేతిలో ఆయన పని ప్యాంటు, రెండో చేతిలో నాలుగు మడతల కాగితం. మడతలు విప్పి బెంచీ మీద, ఆయన పక్కన, టీ తడి లేని చోట చూసి పెట్టింది. అడుగున ఒక గీత ఉంది. గీత కింద 'యజమాని సంతకం' అని ఆ దేశపు భాషలో అచ్చేసి ఉంది. గీత పైన ఏమీ లేదు.

"పన్నెండో అంతస్తుకి వెళ్ళొచ్చిన కాగితం ఇదే," అంది. గొంతులో కోపం లేదు. "మూడు ఆదివారాలుగా నేనే తీస్తున్నాను. నీళ్ళలో పడితే పోతుందని తీసి, ఇస్త్రీ చేసి, సోమవారం పొద్దున మళ్ళీ జేబులో పెడుతున్నాను. ఈ రోజైనా అడుగుతారేమోనని."

డ్రైవరు ఏదో అనబోయి, అక్కయ్య మొహం చూసి, కప్పులోకి చూసుకున్నాడు.

"నీకు తెలుసా?" అన్నాడు లిఫ్టాయన.

"జేబులు చూసేది నేనేగా."

"అడగనంతవరకూ ఓనరు కాదనడు కదే," అన్నాడు. ఇది గట్టిగా చెప్పే గొంతు కాదు. ఈ గొంతు బెంచీ మీదవాళ్ళు ఎప్పుడూ వినలేదు. "నాతో పాటు చేసే పెయింటరు అడిగాడు. 'చూద్దాం' అన్నాడు ఓనరు. నెల తిరక్కుండా అతను పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు. రోజూ పొద్దున్న ఓనరూ నేనూ ఒకే లిఫ్టులో ఎక్కుతాం. ఇద్దరమే. మూడో అంతస్తు దాకా మాట నోట్లోనే ఉంటుంది. నాలుగులో దాన్ని మింగేస్తాను. బటన్ల వంక చూస్తాను. ఆయన 'ఈ లిఫ్టు భలే సాఫీగా నడుస్తోంది' అంటాడు. నేనేగా బాగుచేసింది, ఆ మాట కూడా అనలేను."

"ఇక్కడైతే వందంటావు," అన్నాడు డ్రైవరు. అని నాలుక్కరుచుకున్నాడు.

"ఇక్కడ ఎవరూ కాదనరు కదరా."

వాళ్ళావిడ ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చి ఆయనకెదురుగా వేసుకుంది. చీర కొంగు సర్దుకుని, నడుం నిటారుగా పెట్టి కూర్చుంది.

"నేను మీ ఓనర్ని. ఏంటి, నీకేం కావాలి?"

పెళ్ళైన పదిహేనేళ్ళలో ఆవిడ ఆయన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. లిఫ్టాయన నిజంగానే లేచి నిలబడ్డాడు.

"సార్, పోయినేడు వానల్లో ముప్ఫై లిఫ్టులు ఆగిపోతే నేనొక్కణ్ణే..."

"నాకు పనుంది. వెళ్ళు."

"సార్, మీ ఆరోగ్యం ఎలా ఉంది? పిల్లలు..."

"దుప్పట్లలోకి వెళ్తున్నావు బాబాయ్," అంది నర్సు.

మూడోసారి ఆయన ప్యాంటుకి అరచేతులు తుడుచుకున్నాడు. ఆవిడ మొహం వంక చూశాడు. ఆ మొహం కూడా ఓనరు మొహం కాలేక అవస్థ పడుతోంది. కుర్చీ అంచుని గట్టిగా పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

"సార్. నా వీసాకి ఇంకా పందొమ్మిది రోజులే ఉన్నాయి. ఈ కాగితం మీద మీ సంతకం కావాలి."

నర్సు సంచిలోంచి పెన్ను తీసి కాగితం కప్పు మీద ఆ రెండు ముక్కలూ రాసుకుంది. సార్ కొట్టేసి మేడమ్ అని రాసింది. పందొమ్మిది రోజులు కొట్టేసి రెండు నెలలు అని రాసింది.

"ఇంతేనా బాబాయ్?"

"ఇంతేనమ్మా," అన్నాడు లిఫ్టాయన. ఆయన చెప్పిన వాటిలో ఇంత చిన్న కథ ఇంకోటి లేదు. ముందు వేసిన విడతకి మిషన్లో ఇంకా పదిహేను నిమిషాలు మిగిలే ఉన్నాయి.

సోమవారం పొద్దున లిఫ్టులో ఓనరూ ఆయనా ఇద్దరే ఎక్కారు. ఒకటి, రెండు, మూడు. మాటల్ని వాళ్ళ భాషలోకి మార్చడం కష్టం కాదు, పదకొండేళ్ళుగా ఆ భాషలోనే తిట్లు తింటున్నాడు. నాలుగు వచ్చేలోపే అనేశాడు. పద్దెనిమిది రోజులని సరిచేసి మరీ అన్నాడు. ఓనరు కాగితం తీసుకుని, తిప్పి చూసి, అది ఇస్త్రీ చేసినట్టుండటం చూసి ఒక్కసారి కనుబొమలెగరేసి, చంకలో ఫైలులో పెట్టుకున్నాడు.

సాయంత్రం తలుపు తీసిన వాళ్ళావిడ, ఆయన చెప్పులు విప్పేదాకా కూడా ఆగలేదు.

"ఏమన్నాడు?"

"నేను నోరు తెరవగానే ఆయన రెండు చేతులూ జోడించి..." మొదలెట్టాడు లిఫ్టాయన. ఆవిడ కదలకుండా చూసింది. "లేదు. జోడించలేదు. బుధవారం కనపడమన్నాడు."

"చూద్దాం అన్నాడా?"

"అనలేదు. బుధవారం అన్నాడు."

కూతురు పుస్తకంలోంచి తలెత్తి ఇద్దర్నీ చూసి మళ్ళీ దించుకుంది. కాసేపటికి కింది నర్సు పైకొచ్చి తనూ అడిగేశానని చెప్పింది. ఆమెకి శుక్రవారం అన్నారట. ముగ్గురు పెద్దవాళ్ళూ వంటింట్లో నిలబడి బుధవారం మంచిదా శుక్రవారం మంచిదా అని చాలాసేపు వాదించుకున్నారు.

లిఫ్టాయనకి ఈ పదకొండేళ్ళలో చాలా పనులు వచ్చాయి. అడగడం కూడా వచ్చింది, నిన్నా ఇవాళా కలిపి. అడిగేశాక, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని ఊరికే కూర్చోవడం ఎలాగో మాత్రం ఆయనకి ఇంకా రాలేదు.