సగం తెల్లబడ్డ గొట్టాలు

నూజివీడు దగ్గర, కోటేశ్వరరావు మామిడికాయలు దాచే చల్లగది. గేటు బయట ముసునూరు రైతులు.

"గది నిండా రసాలు, ఒక్క సిలిండరు అమ్మోనియా. నా చేతిలో ఉన్నది ఇదే సవరయ్యా. ఎక్కించెయ్."

"వద్దు షావుకారు గారూ. గ్యాసు చాలక కాదండీ..."

"చాలకే గది వెచ్చగా ఉంది! వాసన రావట్లా? కాయ పండిపోతోంది. రేపు మద్రాసు వ్యాగనులో ఏం పెట్టమంటావ్, టెంకలా?"

"పొద్దున వాల్వు తిప్పి మిషనులో ఉన్న గ్యాసే గొట్టాల్లోకి ఇంకాస్త వదిలారుగా. ఏమైంది? కంప్రెసరు దడదడా కొట్టుకుంది. గ్యాసు మరక్కుండా నీళ్ళలాగే వెనక్కొచ్చేసింది. ఇంకా పోస్తే మిషనే పగులుద్ది."

"యుద్ధంలో మిలిటరీవాళ్ళు వాడిన మిషను అది, పగలదు. నువ్వే సరిగ్గా చూడట్లేదు. మిషను మీది నూనె గాజు ఎప్పుడు చూసినా సగమే! ఆవకాయ మీద నూనె తేలకపోతే ఏమవుద్ది? బూజు."

"బండి ఇరుసుకి బొట్టు లెక్కన నూనె వేసే మీరా ఈ మాట అనేది? మిషనుకి సగం గాజే కొలతండీ, దాటిందంతా గ్యాసుతో గొట్టాల్లోకి కొట్టుకుపోద్ది. ఇటు గొట్టాలు చూడండి. పైవి తెల్లగా మంచు పట్టాయి. కిందవి?"

"నల్లగా ఉన్నాయి."

"వాటిలో నూనె కూర్చుంది. అది అడ్డం పడితే చలి బయటికి రాదు. మిషను ఆపి అడుగు కుళాయి తిప్పనివ్వండి."

"ఇప్పుడు ఆపితే..."

"గేటు బాదుతున్నారండీ."

"ముసునూరు పెద్దిరాజు. ఆ ఊరి తోటలన్నీ నా మాట మీదే కాయ పెట్టాయి. మీ మామ కాయ కూడా ఉందిగా?"

"ఉంది. అందుకే ఆపమంటున్నా."

"...ఆపు."

"ముక్కుకి తడిగుడ్డ కట్టుకోండి. కళ్ళు మండుతాయి, దూరం, దూరం."

"నూనె ఆగట్లేదేంటి?"

"బకెట్టు నిండిందండీ! ఇంత నూనె ఎక్కడిది? నేను సగం గాజు దాటనివ్వలేదు. ప్రభువు సాక్షి."

"తర్వాత మాట్లాడదాం. మిషను వెయ్యి."

"కాదండీ, ఎవరు..."

"వెయ్యమన్నానా!"

"వేశానండీ."

"గంట నుంచి తిరుగుతోంది. ఏమైనా తేడా?"

"చూడండి, చూడండి! మంచు కిందికి దిగింది. అడుగు గొట్టం కూడా తెల్లబడింది!"

"గది తలుపు తీశాను సవరయ్యా."

"కాయ?"

"నొక్కితే వేలు దిగిపోతోంది. అడుగు బుట్టల దాకా."

"నన్ను దొడ్డిదారిన పోనివ్వండి. మిషను నా చేతిలోదే అంటారు. పెద్దిరాజు చేతిలో కర్ర ఉంది."

"ఎక్కడికీ పోవద్దు. గేటు తియ్యి. రా పెద్దిరాజూ."

"ఏడండీ ఆ సవరయ్య? గ్యాసు అమ్ముకుని మా కాయ కుళ్ళబెట్టాడంట! మీరు పక్కకి జరగండి షావుకారు గారూ."

"కర్ర దించు. లెక్క చెబుతా విను. మీ రసాలు పోయాయి. సిలిండరు సీలు కూడా తియ్యలేదు, అలాగే ఉంది. నాకు మిగిలింది ఈ బకెట్టు నూనె. జన్మలో నేను చెయ్యి పెద్దది చేసింది ఈ నూనె దగ్గరొక్కచోటే. రోజూ పొద్దున్నే, సవరయ్య పనిలోకి రాకముందే, గాజు నిండేదాకా నేనే పోశాను."