డబ్బా ఆదివారం దాక

హలో… ఆ, నేనే సేట్, రాజలింగును. బోధన్‌ల టాకీస్ నుంచి.

— ఆ, సినిమా రీళ్ళ డబ్బా గురించే. పొద్దుగాల బస్సుల ఎయ్యలే…

— మర్సిపోలే సేట్. కావాల్ననే ఆపిన. గా నీళ్ళ కింద మనుషులుండే ఇంగ్లీషు సినిమాను ఆదివారం దాక ఆడనియ్యుండ్రి.

— నిజామాబాద్‌ల మూడు రోజులకే లేసిపోయింది, ఎర్కే. అట్ట చేపలు. దారాలు గూడ కనవడ్తయి. నేను కాదంటున్ననా?

— గని సముద్రం అడుగున ఊరు సూపెట్టిండు సేట్. గాజు ఇండ్లు, ఇండ్లల్ల దీపాలు… కిటికీ బయట చేపలు పోతుంటే లోపట ఒకామె నిమ్మళంగ రొట్టె చేస్కుంటది. గంత సక్కటి సినిమా ఈ ఏడు నేను సూడలే. ఎవ్వలకు సమజ్ కాలే, గంతే.

— మీరు సూసిండ్రా?… సూడలే. మరి.

— ఎవరొస్తున్నరంటరా? మా ముత్యం ఉన్నడు గద, రిక్షల మైకు పట్టుకొని తిరిగేటోడు. పోస్టర్ సూసి, పోచంపాడ్ డ్యాం నీళ్ళల్ల మునిగిన ఊరు సూడుండ్రి అని ఎడపల్లి దాక చెప్పుకుంట పోయిండు.

— నవ్వకుండ్రి. వాన్ని నేను గూడ తిట్టిన. గని డ్యాంల ఊరు పోయి, ఈడ చెరుకు కొట్టుకొని బతికేటోళ్ళు నిజమే అనుకొని వచ్చిండ్రు.

— లొల్లి పెట్టలే. ఆట అయినంక సత్తవ్వ అని ముసలామె నా తానకొచ్చింది. "మన ఊరు కాదు బిడ్డా, గని దీపాలు మంచిగున్నయి" అన్నది. ఆదివారం చెరుకు కొట్టుడు బంద్, మిగిలినోళ్ళను బండ్లల్ల తోలుకొస్త అని పోయింది.

— నాలుగు రోజులుంచితే మీ కొంపేం మునుగది సేట్. మునిగింది వాళ్ళది.

— "మన ఊరు" అన్నదేందంటరా…

— ఆ. నాది గదే ఊరు. సత్తవ్వోళ్ళది మా ఎనక ఇల్లు.

— సూసిన, మూడాటలు. మిషిన్ రూంల నిలవడి. గా రొట్టె చేసేకాడ మూడుసార్లు ఏడ్సిన, దాసుడెందుకు.

— ఆదివారం దాక ఉంచుకొమ్మంటరా… సల్లగుండుండ్రి.

— మీరొస్తరా? రాండ్రి, రాండ్రి. గని బెంచి మీద కూసోవాలె. కుర్చీలన్ని మా ఊరోళ్ళకు ఆపిన.

— ఆ, ట్రంకు కాల్ మూడు నిమిషాలు అయినయంటున్నరు. పెడ్తున్న.