గెడ వేసిన చోట ఆగిన చరణం

"తాతా, ఆరాధన నాడు పాడే కీర్తన చరణంలో మా తాతగారు ఒకచోట ఆగేవారు. నేనూ అలాగే పాడుతున్నాను. తంజావూరు నుంచి వచ్చిన విద్వాంసులు అది తప్పంటున్నారు. మా తాతగారికి అదెలా అలవాటైందో నీకు తెలుసని మా ఇంట్లో అన్నారు."

ఆయ్, ముందు అరుగు మీద కూర్చోండి బాబుగారూ. ఒసేవ్ సత్తెమ్మా, చాప పట్రా! మా ఆవిడకి చెవుడండి, చేత్తో చూపిస్తేగానీ తెలీదు. ఏంటన్నారూ, ఆగడమా? ఆ తప్పు నాదండి. మీ తాతగారిది కాదు.

మీ తాతగారు చిన్నతనంలో తంజావూరు నడిచి వెళ్లారు కదా. కావేరి ఒడ్డున కూర్చుని మన తెలుగులో రాముడి మీద అన్నేసి పాటలు కట్టిన స్వామి ఉన్నారే, ఆయన శిష్యుడి దగ్గర నేర్చుకొచ్చారు. ధవళేశ్వరం కాలవ లాకుల దగ్గర నా పడవెక్కి రామచంద్రపురం వెళ్లేవారు, పాఠాలు చెప్పడానికి. పదేళ్లు... కాదు కాదు, పన్నెండేళ్లు, మా పెద్దమ్మాయి పుట్టిన ఏడు మొదలు. మనిషికి అణా తీసుకునేవాణ్ణి. అణా అంటే అప్పట్లో మాటలు కాదండి. ఆయన దగ్గర మాత్రం పుచ్చుకోలేదు. పొద్దున్నే కాలవ మీద ఆయన గొంతు విప్పితే నాకు పడవ తోసే గెడ బరువే తెలిసేది కాదు, ఇంకేం కావాలి?

ఒక ఏడు వానల్లో ఆయనకి పెద్ద జ్వరం వచ్చిందండి. బతికారు గానీ, ఆ ఒక్క కీర్తన చరణం మర్చిపోయారు. పల్లవి వస్తోంది, అంతే. కాగితం మీద లేదు, గురువుగారు నోటితో చెప్పిందే. మన వైపు ఇంకెవరికీ రాదు. ఆయన లేచి తిరిగేసరికి స్వామి ఆరాధన దగ్గరపడింది. ఆవేళ రాగి చెంబు పట్టుకుని ఆ కీర్తన పాడుతూ ఇంటింటా బియ్యం అడగడం, ఆ బియ్యమే వండి అందరికీ పెట్టడం ఆయన పద్ధతి కదండీ. నా పడవలో కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. "గురువుగారు నా చేతిలో పెట్టింది పారేసుకున్నాన్రా" అన్నారు.

అన్నేళ్లు పడవలో వినీ వినీ నాకు చరణం మొత్తం వచ్చు. చెప్పాలంటే భయం. చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ పాట నా నోట వస్తే ఏమంటారో అని. కానీ ఆ ఏడుపు చూడలేక, గెడ వేస్తూనే ఎత్తుకున్నాను. ఆయన కండువా దించారు. "మళ్లీ పాడు" అన్నారు. రామచంద్రపురం వచ్చేదాకా పాడిస్తూనే ఉన్నారు, నా వెనకాల అంటూనే ఉన్నారు. గెడ కాలవ అడుక్కి తగిలాక, భుజం ఆనించి తోసేటప్పుడు ఊపిరి బిగబట్టాలి కదండీ, అక్కడ నా పాట ఆగేది. అది గెడ పనండి, స్వామి కట్టింది కాదు. ఆ మాటే చెప్పాను. "ఉండనీరా" అన్నారు.

ఆరాధన నాడు మా పేటకి వచ్చారండి! బియ్యం అడగడానికి అంతకు ముందు ఏ పంతులుగారొచ్చారు గనక మా పేటకి? మా గుమ్మం ముందు నిలబడి, "మొదటి దోసెడు ఈ ఇంటిదే" అన్నారు. సత్తెమ్మ కంగారులో సగం బియ్యం నేల మీద పోసింది. ఆయన వంగి ఏరుకున్నారు, ఒక్కో గింజా. ఏరుకుంటూ ఆ చరణం పాడుతూ, సరిగ్గా అక్కడ ఆగి, నా వంక చూశారు.

అదండీ సంగతి. ఇహ తీసేయండి బాబూ. స్వామి పాట స్వామి కట్టినట్టే ఉండాలి. ఎక్కడో కావేరి దగ్గర ఆయన కట్టడం ఏంటి, ఈ కాలవ మీద నా నోట పలకడం ఏంటి. ఆయనకీ, మీ తాతగారికీ రోజూ దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను. నాకు దక్కింది చాలు.

వెళ్లేముందు ఒక్కసారి అనండి, నా కోసం. ఆ... ఆ... అదే...

అయ్యో, ఆగారే! తీసేయమన్నాను కదండీ. సత్తెమ్మ చూడండి, నవ్వుతోంది. పాట వినపడకపోయినా మీ నోరు ఆగడం చూసిందండి. నూరేళ్లు చల్లగా ఉండండి బాబూ, మీరూ, ఆ గొంతూ...