కుర్చీ కానుకకు ఈనక్ హావర్త్ జవాబు

(లాంకషైర్‌లోని ఒక నేత మిల్లు పట్నం, 1931)

అధ్యక్షులు, మన మిల్లు యజమాని ఆర్మరాడ్ చిన్నయ్యగారికి, పాదిరిగారికి, ఆయన పక్కనున్న మేస్త్రీ థామస్‌కి, వెనక నిలబడ్డ నా మగ్గాల జనానికి వందనం.

నాకు మాటలు రావు. యాభై ఒక్క ఏళ్లు నిలబెట్టి పని చేయించుకుని ఇవాళ కుర్చీ ఇచ్చారు. కూర్చోవడం మరిచిపోయానేమోనని ఇందాక ఒకసారి కూర్చుని చూశాను, వచ్చింది. (నవ్వులు)

ఊరి గాలి బాగుపడిందని చిన్నయ్యగారు అన్నారు. నిజమే. ఏడు పొగగొట్టాల్లో ఐదు ఆరిపోయాయి; గాలి అందరికీ సరిపోతోంది, దానితోనే కడుపు నింపుకునేవాళ్లు కూడా మా వీధిలో ఉన్నారు. మిల్లంటే ఆయనకెంత ప్రేమంటే, మా పనికి అడ్డమొస్తానేమోనని మగ్గాల షెడ్డులో ఇంతవరకూ అడుగే పెట్టలేదు. (చప్పట్లు. చిన్నయ్యగారు కూడా కొట్టారు.)

నిన్న నన్ను పిలిపించి, "ఈనక్, నువ్వు చెబితే వింటారయ్యా. సోమవారం సమ్మెకి చేతులెత్తి ఓటేస్తారట. మనిషికి నాలుగేమిటి, ఎనిమిది మగ్గాలైనా తేలికేనని రెండు ముక్కలు చెప్పు" అన్నారు. చెబుతున్నాను. గొంతు కాస్త పట్టేసింది, మన్నించాలి.

(ఇక్కడ గొంతు ఆగింది, పెదవులు మాత్రం కదిలాయి. మగ్గాల మోతలో నేతగాళ్లు ఎప్పుడూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు.)

తేలిక కాదర్రా. అలా చెబితే నేనుంటున్న మిల్లు ఇల్లు చచ్చేదాకా నాదేనన్నారు. ఒసే నెల్లీ, నా నాలుగు మగ్గాలూ నీకు తగిలిస్తారు, పట్టకు. నువ్వు ఎనిమిది పడితే నీ పక్కదానికి ఒక్కటీ మిగలదు. సోమవారం చేతులెత్తండి.

(మేస్త్రీ వైపు తిరిగాడు. ఇంకా పెదవులతోనే.)

థామస్, నా పెదవులు నువ్వూ చదివావు. మీ అమ్మ మగ్గం నా పక్కదే. ఇక నీ ఇష్టం నాయనా.

(చిన్నయ్యగారు మేస్త్రీ వైపు వంగి, "ఏమంటున్నాడోయ్ ముసలాడు?" అన్నారు. మేస్త్రీ చాలాసేపు తన బూట్లు చూసుకున్నాడు. "దగ్గండీ. దూది దుమ్ము.")

అవునండీ, దుమ్మే. యాభై ఒక్క ఏళ్లది, ఇవాళ కాస్త బయటికొచ్చింది. (వెనక వరసల్లో పెద్ద నవ్వులు)

కుర్చీకి కృతజ్ఞతలు. తేలిగ్గానే ఉంది, ఎక్కడికి పోవాల్సి వచ్చినా నేనే మోసుకుపోగలను.

సెలవు.